చుట్టమూ పథ్యమూ

జనగామలోనైనా, మానుకోటలోనైనా, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలోనైనా ఈ మధ్య ఒక కొత్త మర్యాద పుట్టింది. చుట్టం గడప దాటి లోపలికి వస్తాడు. చెప్పులు విడుస్తాడు, చెంబెడు నీళ్లు తాగుతాడు, ఫ్యాన్ కింద కూర్చుంటాడు. బస్సు ఎక్కడ ఆగిందో, ఎంతసేపు నిలబడాల్సి వచ్చిందో చెప్పడం మొదలుపెట్టేలోగానే వంటింట్లోంచి ప్రశ్న వస్తుంది: "అన్నా, చాయ్‌ల చక్కెర వెయ్యాల్నా, వద్దా?"

ఒక తరం కింద ఈ మాట అడిగితే ఇంటి పరువు పోయేది. చెంచాడు చక్కెరకు వెనకాడే ఇల్లనుకునేవారు. ఇప్పుడు ఎవరూ ఏమీ అనుకోవడం లేదు. వచ్చినాయన మొహమాటపడకుండా "నాకు వద్దమ్మా, మీ అక్కకు సగం చెంచా చాలు" అనేస్తాడు. ఆ ఒక్క ప్రశ్నతో గోలీల పేర్లు, డాక్టర్ల పేర్లు, అరికాళ్ల మంటలు అన్నీ బయటికొస్తాయి. పెండ్లి సంబంధాల గురించి మాట్లాడుకున్నంత శ్రద్ధగా మాట్లాడుకుంటారు.

చాయ్ దగ్గర ఇంత ధైర్యంగా నోరు విప్పిన ఇల్లే అన్నం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ మూగబోతుంది. ఇంటాయన కొన్నాళ్లుగా రాత్రిపూట అన్నం మానేసి రెండు జొన్నరొట్టెలతో సరిపెట్టుకుంటున్నాడు. వచ్చినాయన కూడా తన ఊళ్లో అదే చేస్తున్నాడు. ఆ సంగతి ఇద్దరూ చెప్పుకోరు. చుట్టం వచ్చాడు గనక అన్నం, కోడికూర, సేమియా పాయసం వండుతారు. వండారు గనక చుట్టం తింటాడు. చుట్టం తింటున్నాడు గనక ఇంటాయన తోడు కూర్చుని తింటాడు. ఒకరి మర్యాద కోసం మరొకరు, ఇద్దరికీ ఇష్టం లేని తిండి కడుపునిండా తిని లేస్తారు. చేతులు కడుక్కునేటప్పుడు ఇద్దరూ విడివిడిగా జేబులోంచి గోలీ తీసుకుంటారు.

ఇదేదో ఒకటీ అరా ఇళ్ల ముచ్చట కాదు. భారత వైద్య పరిశోధన మండలి అన్ని రాష్ట్రాల్లో జరిపించి 2023లో ఫలితాలు ప్రకటించిన సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి మధుమేహం ఉంది. అంటే 10 కోట్లకు పైగా జనం. మరో 15.3 శాతం మంది దాని అంచున ఉన్నారు. రక్తపోటు 35.5 శాతం మందికి ఉంది. ఈ లెక్కన ఇంటివాళ్లు నలుగురు, చుట్టాలు నలుగురు కలిసి బంతిలో కూర్చుంటే, అందులో పథ్యం అవసరమైనవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారనుకోవాలి. యాభై దాటినవాళ్లే ఎక్కువగా ఉన్న బంతి అయితే అవసరం లేనివాళ్లను వెతుక్కోవాలి. అయినా మన వడ్డన మాత్రం బంతిలో అందరూ ఇరవై ఏళ్ల వయసులో పొద్దంతా నాగలి దున్ని వచ్చారన్నట్టే సాగుతుంది.

పథ్యం నిలబెట్టుకోవడం అసలు ఎవరికైనా కష్టమే. చుట్టం ఇంట్లో ఉన్నప్పుడు మరీ కష్టం. దీనికి మనసు గట్టిగా లేకపోవడమే కారణమని తిట్టుకోవడం అన్యాయం. జాన్ డి కాస్ట్రో అనే అమెరికన్ శాస్త్రవేత్త 1980ల చివర్లో జనం చేత రోజూ తిన్నదంతా పుస్తకాల్లో రాయించి చూశాడు. ఒంటరిగా తిన్న పూట కంటే తోడుతో తిన్న పూట తిండి దాదాపు 44 శాతం ఎక్కువని తేలింది. పక్కన మనిషి ఉంటే కూర్చునే సేపు పెరుగుతుంది, మాటల్లో పడి చెయ్యి ఆగదు. అక్కడ పక్కన మనిషి ఊరికే కూర్చున్నాడు. మన దగ్గర పక్కన మనిషి గరిటె పట్టుకుని నిలబడతాడు. "చాలు వదినె" అంటే "గంతేనా, మా ఇంట్ల తినబుద్ధి అయితలేదా?" అంటారు. ఆ మాటకు జవాబు లేదు. ఇంకో రెండు గరిటెల అన్నం వేయించుకోవడమే జవాబు.

అయితే ఆ అన్నం ఎప్పటినుంచి రోజువారీ తిండి అయిందో కూడా కొంచెం ఆలోచించాలి. జనగామ చుట్టుపక్కల పల్లెల్లో డెబ్బయి దాటిన ముసలమ్మలను అడిగితే చెబుతారు. వాళ్ల చిన్నప్పుడు ఇంట్లో పొద్దున అంబలి, మధ్యాహ్నం జొన్న గట్క, రాత్రి రొట్టె. వరి బువ్వ పండుగకు, లేకపోతే చుట్టం వచ్చిన పూట. చుట్టం వస్తున్నాడంటే పిల్లలకు సంబరం, ఆయన పుణ్యాన తెల్లన్నం దొరుకుతుందని. అది మెట్ట ప్రాంతం. వానమీదే బతుకు. పచ్చజొన్న, మక్క, తైదలు, కందులు, పెసర్లు పండించుకుని అవే తినేవారు. బోర్లు వచ్చాయి, కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, దేవాదుల నుంచి గోదావరి నీళ్లు చెరువుల్లోకి వచ్చాయి. జొన్నచేలు పోయి వరి మడులు వచ్చాయి. 2025 ఏప్రిల్ నుంచి రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అది మంచిదే. తినగలిగే బియ్యం పేదింటి పొయ్యి మీదికి వచ్చింది. కానీ పండుగ తిండి రోజూ తిండి అయ్యాక, చుట్టం వచ్చిన పూట ప్రత్యేకంగా ఏం పెట్టాలన్న చిక్కు వచ్చిపడింది. ఆ చిక్కును నూనెతో, మటన్‌తో, మిఠాయితో తీర్చుకుంటున్నాం. తెల్లన్నం స్థానంలోకి బగారన్నం వచ్చింది.

అందుకని ఈ జిల్లాల్లో పథ్యం పాటించేవాడికి ఒక అదృష్టం ఉంది. పథ్యం పేరుతో డాక్టరు తినమంటున్న జొన్నరొట్టె, తైద అంబలి, గుడాలు, ఆకుకూర పప్పు, నూనె చుక్క లేని పచ్చిపులుసు ఇవన్నీ వాళ్ల నాయనమ్మల రోజువారీ తిండే. హైదరాబాద్‌ నుంచి వచ్చిన కోడలికి, అమెరికా నుంచి వచ్చిన మనవడికి ఇవే ఇప్పుడు అపురూపం. వాళ్ల ముందు బగారన్నం పెడితే నగరంలో వారానికి నాలుగుసార్లు తినేదే మళ్లీ పెట్టినట్టు. పచ్చజొన్న రొట్టె, చింతచిగురు పప్పు పెడితే ఫోటో తీసుకుంటారు. ఒకప్పుడు చుట్టానికి పెట్టడానికి సిగ్గుపడిన తిండే ఇప్పుడు చుట్టానికి గొప్పగా పెట్టగల తిండి. మన చేతుల్లోకి ఈ అవకాశం వచ్చినా చాలామంది వాడుకోవడం లేదు. "చుట్టాలొస్తే రొట్టెలు పెడతమా?" అన్న పాత సిగ్గు ఇంకా నాలుక మీదే ఉంది.

సిగ్గు ఒక్కటే కారణమని అంటే మాత్రం వంటింటి సంగతి తెలియనట్టే. జొన్నరొట్టె చేయడం బియ్యం కడిగి కుక్కర్‌లో పోసినంత సులువు కాదు. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. మరిగిన నీళ్లు పోసి పిసకాలి, చేతుల మీద తట్టాలి, విరగకుండా పెనం మీద వేయాలి, పైన నీళ్లు తడిమి తిప్పాలి. ఒక్కొక్కటే చేయాలి, వేడివేడిగా తినాలి. ఇద్దరికైతే సరే. పదిమంది చుట్టాలకు రొట్టెలు అంటే ఆ ఇంటి ఇల్లాలు పొయ్యి ముందు నుంచి రెండు గంటలు కదలలేదు. అన్నం మర్యాద తిండి అయిపోవడానికి రుచితో పాటు ఇదీ ఒక కారణం. పది మందికైనా ఇరవై మందికైనా ఒకటే గిన్నె. కాబట్టి "ఆరోగ్యంగా తిందాం" అని సోఫాలో కూర్చుని తీర్మానం చేసే మగవాళ్లు ఆ ఆరోగ్యం ఎవరి నడుము మీద నిలబడుతుందో ముందు చూసుకోవాలి. గట్క వండితే శ్రమ తక్కువ. పట్టణాల్లో సాయంత్రంపూట రోడ్డు పక్కన పొయ్యి పెట్టి రొట్టెలు కాల్చి అమ్మే ఆడవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర కొని తెచ్చుకుంటే అందులో తప్పు లేదు, వాళ్లకు నాలుగు రూపాయలు వస్తాయి. అన్నిటికంటే మేలు, పిండి పిసికే పని తీర్మానం చేసినాయనే అందుకోవడం.

పథ్యానికీ అతిథికీ మధ్య తగువు మన కాలంలో పుట్టింది కాదు. జనగామ జిల్లాలోని ఒక్క పాలకుర్తి మండలంలోనే ఈ తగువుకు రెండు పాత జవాబులు ఉన్నాయి. పాలకుర్తి తనవాడని చెప్పుకునే పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో బసవపురాణంలో సిరియాలుని కథ చెప్పాడు. జంగమ వేషంలో వచ్చిన శివుడు అడగకూడనిది అడుగుతాడు. సిరియాలుడు, అతని భార్య కన్నకొడుకునే కోసి వండిపెడతారు. చివరికి శివుడు కరుణించి కొడుకును తిరిగి ఇస్తాడు. అతిథి అడిగితే ఇంటివాడి దగ్గర కాదనడానికి ఏదీ మిగలకూడదన్నది ఆ కథలో భక్తి. మన గరిటెలకూ, "ఇంకింత" అన్న మాటలకూ ఈ కథ పొలిమేరల్లో ఎక్కడో చుట్టరికం ఉంది.

అక్కడికి దగ్గర్లోనే బమ్మెర. 15వ శతాబ్దపు పోతన ఊరు. ఆయన భాగవతం తొమ్మిదో స్కంధంలో అంబరీషుడి కథ ఉంది. చిన్నప్పుడు విన్నవాళ్లకు అందులో విష్ణుచక్రం దుర్వాస మునిని తరమడమే గుర్తుంటుంది. ఆ తరుముడు మొదలైంది తిండి దగ్గర. అంబరీషుడు ఏడాదిపాటు ద్వాదశీ వ్రతం చేశాడు. చివర కార్తికంలో మూడు రాత్రుల ఉపవాసం. పారణ చేయబోతుంటే దుర్వాసుడు వచ్చాడు. రాజు భోజనానికి రమ్మన్నాడు. ముని సరేనని కాళిందికి స్నానానికి వెళ్లాడు. వెళ్లినవాడు రాడు. ద్వాదశి గడియలు అయిపోతున్నాయి. గడియ దాటితే వ్రతం చెడుతుంది. అతిథి కంటే ముందు తింటే మర్యాద చెడుతుంది. రాజు పండితులను అడిగాడు. వాళ్లు చెప్పిన ఉపాయం ఎంత చక్కనిదంటే, నీళ్లు తాగు, తాగితే తిన్నట్టూ అవుతుంది, తిననట్టూ అవుతుంది అన్నారు. రాజు గుక్కెడు నీళ్లు తాగి అతిథి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

సిరియాలుడు అతిథి కోసం అన్నీ వదిలాడు. అంబరీషుడు తన నియమం వదలలేదు, అతిథినీ వదలలేదు, రెండూ ఒక గుక్కెడు నీళ్లలో కలిపాడు. దుర్వాసుడికి కోపం రావడం వేరే సంగతి. కోపం తెచ్చుకునే చుట్టాలు అన్ని కాలాల్లోనూ ఉంటారు. పోతన కథలో చివరికి పరుగెత్తి అలసిపోయి తిరిగొచ్చినది కోపం తెచ్చుకున్నాయనే. ఆయన తిరిగొచ్చేదాకా ఏడాదిపాటు అంబరీషుడు నీళ్లతోనే ఉండి, ఆయనకు కడుపునిండా పెట్టి తర్వాత తాను తిన్నాడు. ఆ ఏడాది సంగతి మాత్రం మనకు వద్దు.

ఎందుకు వద్దంటే, అతిథి కోసం ఆకలితో ఎదురుచూడటం షుగరున్న మనిషికి నిజంగా ప్రమాదం. మన ఇళ్లలో చుట్టం రాకముందు తినడం తప్పన్న పట్టింపు గట్టిగా ఉంది. కాజీపేట దాటిందన్న రైలు కేసముద్రం దగ్గర గంటసేపు ఆగిపోతుంది. ఇంట్లో ఆమె వేళకు ఇన్సులిన్ వేసుకుని, లేకపోతే గ్లిమిపిరైడ్ లాంటి గోలీ మింగి, "వాళ్లు వచ్చినంక తింట" అని కూర్చుంటుంది. మందు తన పని తాను చేసుకుపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడ, కళ్లు తిరగడం. చుట్టాలు వచ్చేసరికి ఆమెను మంచం మీద పడుకోబెట్టి ఉంటారు. షుగర్ ఎక్కువైతే ఏళ్ల మీద చెడుపు చేస్తుంది. బాగా తగ్గితే గంటలోనే ప్రాణం మీదికి వస్తుంది. ఆ లక్షణాలు కనిపించగానే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి, పావుగంట చూసి తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి, స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా దవాఖానకు తీసుకుపోవాలి. అసలు ముందే వేళకు తినేస్తే ఇవేవీ అక్కర్లేదు. చుట్టాలు వచ్చాక వాళ్ల పక్కన కూర్చుని మజ్జిగ తాగుతూ మాట్లాడితే ఏ మర్యాదా తగ్గదు. అంబరీషుడికి పండితులు చెప్పిన ఉపాయం ఇలాంటిదే.

ఆమె అని రాయడం అనాలోచితంగా జరిగింది కాదు. ఇంట్లో మగమనిషికి షుగర్ వస్తే ఇల్లంతా పథ్యం చేస్తుంది. ఆయనకు రొట్టె వేరే, కూర వేరే, ఉప్పు వేరే. చుట్టం వచ్చినా "మా ఆయనకు షుగర్ అన్నా, ఆయన తినడు" అని భార్యే కాపు కాస్తుంది. అదే షుగర్ ఆమెకు వస్తే ఆమె తరఫున మాట్లాడేవాళ్లు ఉండరు. అందరికీ వడ్డించి చివర మిగిలింది తింటుంది. చివర మిగిలేది ఎప్పుడూ అన్నమే. కూరగాయలు మొదటి బంతిలోనే అయిపోతాయి. పారేయడం ఇష్టం లేక గిన్నె అడుగున ఉన్న పాయసం కూడా ఆమె పొట్టలోకే పోతుంది. చుట్టాలున్నన్నాళ్లూ పొద్దున నడక ఉండదు, నాలుగు గంటలకే లేచి పొయ్యి వెలిగించాలి. ఆశా కార్యకర్త వచ్చి రక్తం చూసి "అక్కా, ఈసారి ఎక్కువున్నది" అంటే "సుట్టాలొచ్చిండ్రు బిడ్డా" అని నవ్వేస్తుంది. చుట్టం ఇంటికి వచ్చినప్పుడు పథ్యం ఎలా అన్న ప్రశ్నలో సగం ప్రశ్న ఇదే. ఆమె కూడా బంతిలో కూర్చుంటే, ఎవరికి కావాల్సింది వాళ్లే వడ్డించుకుంటే, ఇంకే సలహా అక్కర్లేకుండానే చాలా సర్దుకుంటుంది. గిన్నెలు మధ్యలో పెట్టుకుని వడ్డించుకునే పద్ధతిలో ఇంకో లాభం కూడా ఉంది. గరిటె తినేవాడి చేతిలో ఉంటుంది.

ఎంత వడ్డించుకోవాలన్నదానికి మన హైదరాబాద్ తార్నాకలోనే కొలతలు ఉన్నాయి. అక్కడి జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 2000 కేలరీల లెక్కన ఒక కంచం గీసి చూపింది. రోజు మొత్తానికి బియ్యం, జొన్న, గోధుమ అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. ఉప్పు 5 గ్రాములు దాటొద్దంది. కూరగాయలు తిండిగింజల కంటే ఎక్కువగా ఉన్న కంచం మన చుట్టాల బంతిలో ఎవరైనా చూశారా? మనకు కూర అంటే అన్నంలో కలుపుకోవడానికి తగినంత. చుట్టం వచ్చిన రోజు ఇంకో కూర ఎక్కువ వండితే మర్యాదకు మర్యాద, కొలతకు కొలత. బీరకాయ, సొరకాయ, గోకరకాయ, తోటకూర ఏదైనా సరే. కోడిని కోయొద్దని ఎవరూ అనడం లేదు. కోడికూర పక్కన కూరగాయలుంటే అన్నం తనంతట తానే తగ్గుతుంది. సాయంత్రం చాయ్‌తో మిర్చి బజ్జీకి బదులు బొబ్బెర గుడాలో, శెనగ గుడాలో పోపు వేసి పెడితే, తినని చుట్టాన్ని ఈ జిల్లాల్లో చూడలేం.

పథ్యాలు కూడా ఊరికి ఒకటిగా ఉన్నాయి. ఉప్పు, నూనె లేకుండా వండుకోమని మంతెన సత్యనారాయణ రాజు చెప్పింది పాటించే ఇళ్లున్నాయి. కొన్నేళ్ల కింద వీరమాచనేని రామకృష్ణ చెప్పిన పద్ధతి తెలుగు నేలంతా ఒక ఊపు ఊపింది. అన్నం పూర్తిగా మానేసి రోజుకు 70 గ్రాముల కొబ్బరి నూనె, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు. ఖాదర్ వలీ మాట విని కొర్రలు, సామలు తెచ్చుకున్నవాళ్లున్నారు. ఇంటాయన ఒకదాంట్లో ఉంటే వచ్చిన బావ ఇంకోదాంట్లో ఉంటాడు. ఇక వాదన రాత్రి పన్నెండు దాకా తెగదు. వీటిలో ఏది ఎవరికి సరిపడుతుందో చూసే డాక్టరు చెప్పాలి. సంపాదకీయం చెప్పలేదు. ఒక్కటి మాత్రం గమనించవచ్చు. చుట్టం ముందు ఎంత కఠినమైన పథ్యం అయితే అంత తొందరగా తెగుతుంది. మొత్తం మానేశానన్నవాడు ఒక్క ముద్ద పెట్టించుకోగానే, ఎలాగూ పోయిందిలే అని మూడో వడ్డనకు కంచం చాపుతాడు. కొంచెం తినే నియమం ఉన్నవాడికి ఆ ఇబ్బంది లేదు. వాడికి ఒక ముద్ద ఒక ముద్దే.

వచ్చిన చుట్టం ఒక్కపూట ఉండిపోయేవాడైతే ఇంత ఆలోచన అక్కర్లేదు. హైదరాబాద్‌ నుంచి జనగామకు పొద్దున వచ్చి రాత్రికి వెళ్లిపోయేవాళ్లు చాలామంది. ఆ ఒక్కపూట కొంచెం అటూ ఇటూ అయినా పెద్దగా ఏమీ కాదు. దసరా రోజు జమ్మి పెట్టుకుని వచ్చి మటన్ తినకుండా లెక్కలు చూసుకునేవాణ్ని చూస్తే జాలేస్తుంది. తినాలి, పండుగ అందుకే. చిక్కంతా వారం, పది రోజులుండే చుట్టాలతో. భూపాలపల్లి వాళ్లకు ఇది బాగా తెలుసు. 2025 మేలో కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలు పన్నెండు రోజులు జరిగాయి. 2026 జనవరి చివర్లో పక్కనే మేడారం జాతర. దారిలో ఉన్న ఇల్లు కాబట్టి ఒక జట్టు వెళ్తుంటే ఇంకో జట్టు వస్తుంది. ఇంటాయనకు గనిలో ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. అతని తిండి వేళలు ఎలాగూ తలకిందులు. రాత్రంతా పనిచేసి పొద్దున వచ్చి పడుకోవలసిన వేళకు చుట్టాలు టిఫిన్‌కు పిలుస్తారు. 2027లో గోదావరి పుష్కరాలు కూడా వస్తున్నాయి.

అలాంటి ఇళ్లలో రోజూ ఒక పూట మామూలు తిండి అని పెట్టుకున్నవాళ్లు ఒడ్డున పడ్డారు. పగలు చుట్టాలకు ఏది వండినా, రాత్రికి అందరికీ రోజూ తినేదే. ఈ సంగతి మొదటి రోజే చెప్పేస్తే ఎవరూ అలగరు. మూడో రోజు చెబితే, బరువయ్యామేమో అనుకుంటారు. చుట్టం వస్తానని ఫోన్ చేసినప్పుడే "ఏం తింటున్నరు ఈ మధ్య?" అని అడగడం ఇంకా మేలు. చాయ్ ప్రశ్నకు జవాబు చెప్పినంత సులువుగానే దీనికీ చెబుతారు. చాలాసార్లు అవతలినుంచి ఊరట వినిపిస్తుంది. "మంచిగడిగినవ్, నేనే చెప్పాలనుకుంటున్న. రాత్రి నాకు రొట్టె చాలు."

ఇక మేడారం నుంచి వచ్చిన బెల్లం ముక్క. అమ్మవార్ల బంగారం అది. షుగర్ ఉందని వద్దంటే తెచ్చినవాళ్లు నొచ్చుకుంటారు, తినేవాడికీ మనసొప్పదు. గోరంత తీసుకుని కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటే ప్రసాదం దక్కినట్టే. దేవుడి దగ్గర గోరంత చాలని ఒప్పుకునే మనమే, చుట్టం తెచ్చిన స్వీటు డబ్బా దగ్గర రెండు ముక్కలు తినకపోతే అవమానం అంటాం.

డబ్బాల గొడవ చుట్టం వెళ్లాక మొదలవుతుంది. వాళ్లు తెచ్చినవి సగం, వాళ్ల కోసం చేసినవి సగం, సకినాలు, గారెలు, మిక్చరు, మిఠాయి అలాగే ఉంటాయి. చుట్టం ఉన్న పది రోజుల్లో తిన్నదానికంటే వెళ్లిన పది రోజుల్లో డబ్బాలోంచి తిన్నది ఎక్కువైనా ఆశ్చర్యం లేదు. ఎవరూ బలవంతం చేయకుండానే, టీవీ చూస్తూ. అందుకే చుట్టం బయల్దేరే రోజే పంపకాలు జరిగిపోవాలి. వాడకట్టులో పిల్లలున్న ఇళ్లకు పంచితే గంటలో ఖాళీ. మరునాడు ఉపవాసం ఉండి లెక్క సరిచేయాలనుకోవడం కూడా వద్దు. రోజూ తినేది రోజూలాగే తినడం మొదలుపెడితే చాలు, గోలీలు వేసుకునేవాళ్లకైతే ఉపవాసం ప్రమాదం కూడా.

వెళ్లేవాళ్ల సంచిలో ఏదో ఒకటి పెట్టి పంపడం మన దగ్గర తప్పదు. ఆడబిడ్డైతే ఒడిబియ్యం, మిగతావాళ్లకు తొక్కు, సకినాలు. ఈ మధ్య కొన్ని ఇళ్లలో రెండు కిలోల పచ్చజొన్న పిండి, ఒక డబ్బా అవిసెగింజల పొడి కట్టి ఇస్తున్నారు. చేరాక ఫోన్ వస్తుంది. "మంచిగ చేరినం వదినె. పిండి మంచిగున్నది గని, మా ఇంట్ల రొట్టె తట్టుడు ఎవ్వరికీ రాదు. వచ్చే నెల మా కోడలిని తోలిస్త, నాలుగొద్దులుండి నేర్సుకుంటది."